వ్యాను కూడా చాపేనా

మొంబాసా మాట మొదట ఎత్తింది జోవియా అక్క. మా మసాకా చర్చి పాటల బృందానికి ఆవిడే పెద్ద. గొంతు పెద్దది, నోరు అంతకంటే పెద్దది. ఆ రోజు మా అమ్మ ఇంటి వసారాలో చాప పరుచుకుని అందరం పచ్చి అరటికాయలు చెక్కు తీస్తున్నాం. ఉన్నట్టుండి ఆవిడ కత్తి కింద పెట్టి, "ఈ సెలవుల్లో మొంబాసా తీసుకెళ్ళి సముద్రం చూపించకపోతే నేనిక పాడను. మీ తంటాలు మీరు పడండి," అంది.

"ఆ రకంగానైనా దేవుడికి కాస్త విశ్రాంతి," అంది మా అమ్మ తల ఎత్తకుండానే.

నవ్వాం గానీ, ఆ మాట మమ్మల్ని వదల్లేదు. కాయలు ఉడికేలోపు మాటల్లోనే మొంబాసా సగం తిరిగేశాం. బజారు మధ్యలో ఉన్న ఏనుగు దంతాల తోరణం కింద ఫోటో దిగాలి. పాత కోట ఎక్కాలి. జనంతో కిక్కిరిసి ఉండే ఆ పెద్ద పడవ మీద ఊరికే అవతలి ఒడ్డుకి వెళ్ళి, ఊరికే ఇవతలికి రావాలి. ఇసుకలో ఒంటె ఎక్కి తీరాలని జోవియా అక్క పంతం.

"ఒంటెని కూడా ఒక మాట అడగండి," అంది అమ్మ.

తిండి దగ్గర పెద్ద గొడవే అయింది. అక్కడ పూటపూటా కొబ్బరిపాలు పోసి వండిన అన్నమేనట. "అన్నం తిని మనుషులు ఎట్లా బతుకుతారమ్మా? అది పెళ్ళిళ్ళలో ఓ పక్కన వేసుకునేది గానీ తిండా?" అని ఒకావిడ బెంగపెట్టుకుంది. చివరికి అరటి గెలలు బండి టాపు మీద కట్టేసి, వేరుశనగ ముద్ద, ఉప్పు, బొగ్గుల కుంపటి అన్నీ వెంట తీసుకుపోవాలని తేల్చాం. అమ్మ మాత్రం తిండి గురించి అడగలేదు. "నీళ్ళ దాకా పోనిస్తారా? చేత్తో ముంచుకోనిస్తారా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది.

"బండికి వెతుకులాట దేనికి? కిజ్జా మొగుడి వ్యాను ఉందిగా," అంది జోవియా అక్క.

కిజ్జా అంటే నేనే. కవలల తర్వాత పుట్టినదాన్ని కాబట్టి ఆ పేరు నాకు అడక్కుండానే వచ్చిపడింది. కవలల్ని కన్నది కాబట్టి అమ్మని ఊరంతా నాలొంగో అంటారు. వ్యాను మాట వినగానే అమ్మ చేతిలో అరటికాయ కింద పెట్టేసింది. మిగతావాళ్ళు నాలుక కరుచుకున్నారు.

మా బగండా తెగవాళ్ళలో అత్తా అల్లుడూ ఒకరినొకరు తాకకూడదు, ఒకే చాప మీద కూర్చోకూడదు. కాదని కూర్చుంటే చేతులు వణికే జబ్బు పట్టుకుంటుందంటారు. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. కానీ మసాకాలో ఏ ముసలాయన చేతిలో కప్పు వణికినా, పక్కవాళ్ళు ముందు ఆయన అత్తగారి గురించే ఆరా తీస్తారు.

మాదీ అమ్మదీ పక్కపక్క ఇళ్ళే, మధ్యలో పూలకంచె. మా ఆయన లుబ్వామా కంచె అవతల నిలబడి, "అత్తయ్యగారికి దండాలని చెప్పవే," అంటాడు. అమ్మ ఇవతల నిలబడి, "విన్నాననీ, అల్లుడుగారు ఒంట్లో బాగున్నారేమో కనుక్కోమనీ చెప్పు," అంటుంది. ఇద్దరికీ చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. అయినా పెళ్ళయిన నాటి నుంచీ మధ్యలో తపాలా బంట్రోతు ఉద్యోగం నాది, జీతం లేదు, సెలవు లేదు. ఒకరంటే ఒకరికి ప్రాణం. ఆయన చేపలు పంపుతాడు, ఆవిడ కాల్చిన అరటిపండు పంపుతుంది, రెండూ మోసేది నేనే.

"నాకు మోకాళ్ళ నొప్పులు. మీరు వెళ్ళి రండి," అంది అమ్మ.

మోకాళ్ళూ లేవు, నొప్పులూ లేవు. ఆ మాట ఎందుకందో నాకు తెలుసు, అందుకే ఒళ్ళు మండింది.

మా నాన్న కాఫీ లారీల మీద క్లీనరుగా మొంబాసా దాకా పోయేవాడు. అమ్మ పుట్టిల్లు బుకకాటా అనే సరస్సు ఒడ్డు ఊరు. సరస్సుకైనా సముద్రానికైనా మాకు ఉన్నది ఒకటే మాట, ఎన్యాంజా. నాన్న వచ్చి మొంబాసా ఎన్యాంజా ఉప్పగా ఉంటుందంటే అమ్మ నమ్మలేదు. పుట్టినప్పటి నుంచీ ఎన్యాంజా నీళ్ళు కడవలతో మోసింది, తాగింది. "అన్ని నీళ్ళలో ఉప్పు ఎవడు పోశాడయ్యా, మీ తాతా?" అని నలుగురిలో ఆయన్ని ఆటపట్టించింది. మరుసటిసారి నాన్న పంతం కొద్దీ ఒక సీసాడు సముద్రం నీళ్ళు పట్టుకొచ్చాడు. అమ్మ నాలుక మీద చుక్క వేసుకుని, "కంపాలాలో ఆగి నువ్వే కలిపి ఉంటావు," అంది. ఆ తర్వాత ఆయన మొంబాసా మాట ఎత్తలేదు. ఆయన పోయాక అమ్మ ఆ సంగతి ఎన్నిసార్లు తలుచుకుందో చెప్పలేను. "ఒక్కసారి వెళ్ళి నా చేత్తో ముంచుకుని చూడాలే," అనేది. అదొక్కటే ఆవిడ కోరిక.

వేరే వ్యాన్ల కోసం జోవియా అక్క ఊరంతా తిరిగింది. పెళ్ళిళ్ళ రోజులు, అన్నీ ముందే మాట్లాడేసుకున్నారు. తిరిగొచ్చి అమ్మ ముందు కూర్చుని వాదనకు దిగింది.

"నాలొంగోగారూ, చాప మీద కూర్చోకూడదన్నారు పెద్దలు. వ్యానులో ఉండేవి సీట్లు. ఆయన సీటు ఆయనది, మీ సీటు మీది."

"సీట్ల కింద ఏముంది?"

"నేల."

"నేల మీద?"

జోవియా అక్క నా వైపు చూసింది. నేను పైకప్పు చూశాను. లుబ్వామా ఈ మధ్యనే వ్యానులో స్టీరింగు దగ్గర్నుంచి వెనక తలుపు దాకా ఎర్రటి రబ్బరు చాప వేయించాడు. అది ఆయన బంగారం. బడిపిల్లలైనా సరే, కాళ్ళు దులుపుకోనిదే ఎక్కనివ్వడు.

"ఒకటే చాప," అంది అమ్మ. "నా అల్లుడి చేతులు వణికితే బండి ఎవరు నడుపుతారు? అది తినేదేం తింటుంది?" అంటూ నన్ను చూపించింది.

ఈ సంగతి ఇంటికెళ్ళి చెబితే మా ఆయన కాసేపు మెడ రుద్దుకున్నాడు. తర్వాత కంచె దగ్గరికి వచ్చి, "నేను రాను, బండి ఇంకెవరైనా నడుపుతారు, ఆవిడ వెళ్ళాలి అని చెప్పు," అన్నాడు. ఆయన కూడా సముద్రం చూసిన మనిషి కాదు.

కంచె అవతల నుంచి అమ్మ జవాబు తయారుగా ఉంది. "అల్లుణ్ణి దింపేసి అల్లుడి బండిలో ఊరేగేంత సిగ్గులేనిదాన్నా అని అడుగు."

"మరి ఏం చేద్దామంటారో కనుక్కో."

"నన్ను వదిలేసి వెళ్ళమని చెప్పు."

"వదలనని చెప్పు."

నాకిక ఓపిక చచ్చిపోయింది. "నేను ఎవరికీ ఏమీ చెప్పను. ఈ మంచితనంతో చస్తున్నాను. మీ ఇద్దరూ ఇంట్లోనే ఉండి కంచెకి చెరో వైపునుంచీ దండాలు పెట్టుకోండి. నేను వెళ్ళి ఆ నీళ్ళు తాగొచ్చి ఉప్పో చప్పో చెబుతాను," అని అరిచి ఇంట్లోకి వచ్చేశాను.

తెల్లారాక కాఫీ ఇద్దామని వెళితే లుబ్వామా వ్యానులో మోకాళ్ళ మీద వంగి ఉన్నాడు. చేతిలో అరటి ఆకులు కోసే కత్తి. ఆ ఎర్ర రబ్బరు చాపని డ్రైవరు సీటు వెనకగా, ఈ తలుపు నుంచి ఆ గోడ దాకా కోసేస్తున్నాడు. ముక్కుమీద చెమట, కళ్ళలో నీళ్ళున్నాయేమో కూడా. కోసింది చాలక, మధ్యలో బెత్తెడు పట్టీ తీసి బయట పారేశాడు. కింద ఇనుము కనిపించింది. కోత మీదుగా పైనుంచి కిందికి చెట్టు బెరడుని సాగగొట్టి చేసిన గుడ్డని తెరలా కట్టాడు.

"ఇప్పుడు రెండు చాపలని చెప్పు," అన్నాడు.

అమ్మని పిలుచుకొచ్చాను. ఆయన ఇంటి వెనక్కి తప్పుకున్నాడు. అమ్మ చీపురు పుల్ల ఒకటి తెచ్చి ఆ సందులో ఒక కొస నుంచి ఇంకో కొసకి లాగింది. ఎక్కడా ఆగలేదు. తెర ఎత్తి అటూ, దించి ఇటూ చూసింది. పారేసిన ఎర్ర పట్టీ తీసి, మట్టి దులిపి, చేతికి చుట్టుకుంది.

"వంకరగా కోశాడని చెప్పు," అంది.

"వెళ్తున్నామా లేదా, అది చెప్పు ముందు."

"మీ నాన్న ఆ సీసాని మొంబాసా నుంచి ఒళ్ళోనే పెట్టుకుని వచ్చాడటే. ఒలికిపోతుందని పడుకోలేదట కూడా," అంది అమ్మ. నేను వెళ్తున్నామా అని మళ్ళీ అడగలేదు.

బయలుదేరే పొద్దున వ్యాను అరటి తోటలా ఉంది. టాపు నిండా గెలలు. జోవియా అక్క ఒంటె కోసం కొత్త టోపీ కొనుక్కుని, అప్పుడే పెట్టేసుకుని, ముందు సీటు నాదంటే నాదని అందరితో తగువు పెట్టుకుంటోంది. లుబ్వామా తెర అవతల స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. అమ్మ గంజి పెట్టిన తన గోమెసి గౌను ముడతలు పడకుండా పట్టుకుని ఎక్కి, తెర ఇవతల కూర్చుంది.

"అత్తయ్యగారు సరిగ్గా సర్దుకున్నారేమో అడుగు."

"సర్దుకున్నానని చెప్పు."

చెప్పాను. వంటసామాను సంచీ అమ్మ కాళ్ళ దగ్గర పెట్టాను. ఆవిడ దాన్ని విప్పి, వేరుశనగ ముద్ద పక్కకి జరిపి, ఉప్పు పొట్లం బయటికి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది ఇంట్లో పడేసి రా."

"వంటకి ఉప్పు వద్దా అమ్మా?"

"అన్ని ఉప్పునీళ్ళున్న చోటికి మళ్ళీ ఉప్పు మోసుకెళ్ళడమేంటే? మీ నాన్న చెప్పలేదూ?"

పొట్లం తీసుకెళ్ళి అమ్మ వంటింట్లో పెట్టి, తలుపుకి తాళం వేసి వచ్చాను.