అంచుకందని షీటు

కొత్త కప్పు వేసినప్పటి నుంచీ సూపర్‌వైజరుకు మనశ్శాంతి లేదు. డెయిరీ వెనక పేడా, విరిగిన పాలూ, కడుగు నీళ్ళూ పులిసి గ్యాస్ పుట్టే పెద్ద ట్యాంకు ఆమె చేతికింద ఉంది. ఆ గ్యాస్‌తోనే డెయిరీ బాయిలరు మండాలి. పాత ఇనుప మూత తుప్పు తినేసిందని తీసేసి, దాని బదులు రెండు పొరల షీటు గుడారం వేయించారు. లోపలి షీటు గ్యాస్‌ను పట్టి ఉంచుతుంది. పై షీటు ఎండకూ వానకూ అడ్డు. అది కుంగిపోకుండా రెండింటి మధ్యకు బ్లోయరు ఎప్పుడూ గాలి కొడుతూ ఉంటుంది.

ఆ గాలిలో గ్యాస్ కలిసిందని అలారం రోజూ మోగేది. గుడారానికున్న చిన్న అద్దపు కిటికీలోంచి తొంగి చూస్తే, లోపలి షీటు ఎవరో ఒక పక్కకు లాగిపట్టినట్టు ముడతలు పడి కనిపించేది. ఎక్కడ కారుతోందో తేల్చుకుందామని ఆమె సబ్బునీళ్ళు కలిపి అంచు చుట్టూ పోయించింది. మెట్ల వైపు బుడగలు వచ్చాయి. బోల్టులు బిగిస్తే అక్కడ తగ్గి పక్కన లేచాయి. అక్కడ బిగిస్తే ఇంకో పక్కన. తలప్రాణం తోకకొచ్చింది.

గుడారం వేసిన కాంట్రాక్టరు పరాయివాడైతే నిలదీసేదే. ఆయన స్వయానా భర్తకు అన్న.

"బావగారూ, ఒక్కసారి వచ్చి చూడండి. అంచు దగ్గర కారుతోంది" అని ఫోన్‌లో బతిమాలింది.

"కొత్త షీటమ్మా. కాస్త సాగితే అదే సర్దుకుంటుంది."

"సాగడానికి అదేం జాకెట్టు గుడ్డ కాదు కదండీ!"

ఆయన నవ్వి పెట్టేశాడు. షీటు సరిచేసేదాకా గ్యాస్ ఆపుదామని మేనేజరు దగ్గరికెళితే ఆయనకు బాయిలరు గోలే. "అలారం మోగితే దాన్ని బాగుచేయించు. గ్యాస్ ఆపుతానంటావేంటి?"

"అలారం బాగానే ఉంది సార్. బాగాలేనిది షీటు."

"ఎలాగోలా నెట్టుకురామ్మా."

ఇంట్లో చెప్పుకుందామంటే భర్త గోడకు చేరబడి, "అన్నయ్యతో నేనేం మాట్లాడను? నువ్వే నిదానంగా చెప్పు" అన్నాడు. నిదానంగా చెప్పీ చెప్పీ ఆమె గొంతు ఎండిపోయింది. తోడికోడలు ఫోన్ చేసి మరీ అంది: "ఇంటివాళ్ళే వేలెత్తి చూపిస్తే బయటివాళ్ళు ఊరుకుంటారా, చెప్పు?"

ఒక మధ్యాహ్నం ఆమె పంపుల గదిలోంచి బయటికొచ్చేసరికి ట్యాంకు మెట్ల మీద వెల్డరు కూర్చుని ఉన్నాడు. ఊగుతున్న రెయిలింగును అతికించమని మేనేజరు పంపాడట. ఆమెకు మాటమాత్రం చెప్పలేదు. సరిగ్గా బుడగలొచ్చే అంచు కింద అతను ముఖానికి అద్దం దించుకుంటున్నాడు. ఆమె అరుస్తూ పరిగెత్తి కిందున్న వెల్డింగు మిషను కేబుల్ పీకేసింది.

"బతకాలని లేదా నీకు? పైన గ్యాస్ కారుతోంది!"

"నాకేం తెలుసమ్మా! రమ్మన్నారు, వచ్చాను" అంటూ అతను సామానంతా అక్కడే వదిలేసి దిగిపోయాడు.

ఆమె ఇక మేనేజరును అడగలేదు, బావగారినీ అడగలేదు. ట్యాంకుకు మేత, అంటే పేడా కడుగు నీళ్ళూ పోయడం, ఆపేసింది. మేత ఆపినంత మాత్రాన లోపల పులియడం ఆగదు కాబట్టి, పుట్టిన గ్యాస్ పుట్టినట్టు మిగులు గ్యాస్‌ను మండించడానికి దూరంగా పెట్టిన గొట్టంలో కాల్పించింది. బాయిలరును ఆయిలు మీదికి మార్చారు. మేనేజరు అందరి ముందూ, "నీ మొండితనం మా పీకల మీదికొచ్చింది" అన్నాడు.

గ్యాస్ అంతా పోయాక, షీటును ట్యాంకు అంచుకు నొక్కిపట్టే పట్టీలు విప్పించింది. బావగారూ వచ్చి నిలబడ్డాడు. మెట్ల వైపు పట్టీ ఊడగానే కిందికి నల్లటి ముక్కలు రాలాయి. పాత లారీ ట్యూబు ముక్కలు. లోపలి షీటు అంచు పట్టీ కిందికి వేలెడు కూడా రాలేదు. షీటే కురచది. ఖాళీలో ట్యూబు కుక్కి బిగించేశారు.

"మీకు ముందే తెలుసా?" అంది ఆమె.

"కంపెనీవాళ్ళే చిన్నది పంపారు. వెనక్కి పంపితే మళ్ళీ ఎప్పుడొస్తుందో ఏమో! అక్కడ మీ మేనేజరు నెత్తినెక్కి కూర్చున్నాడు. ఏం చేయమంటావు?"

"ఆ సంగతి నాకు చెప్పాల్సింది. ఇన్నాళ్ళూ దాని కిందే తిరిగాను కదా బావగారూ."

ఆయన ట్యూబు ముక్కల వంక చూశాడు తప్ప ఆమె వంక చూడలేదు. "నలుగురిలో పరువు తీశావు" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సరైన కొలత షీటు వచ్చింది, వేరే మనుషులు బిగించారు. సబ్బునీళ్ళు పోస్తే ఒక్క బుడగ లేవలేదు. మీటింగులో మేనేజరు షీటు కంపెనీవాళ్ళ చురుకుదనాన్ని తెగ మెచ్చుకున్నాడు. ఆమె చివరి కుర్చీలో పళ్ళు బిగించి కూర్చుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి బల్ల మీద రెండు ఖాళీ టీ గ్లాసులున్నాయి.

"అన్నయ్య వచ్చి వెళ్ళాడు" అన్నాడు భర్త. "నువ్వు డ్యూటీలో ఉన్నావని కనుక్కుని మరీ వచ్చాడు."

"నన్ను తప్పించుకుని వస్తే నువ్వేమన్నావు?"

"ఏమంటాను? పెద్దవాడు."

ఆమె గ్లాసులు తీసుకెళ్ళి పంపు కింద పెట్టి, నీళ్ళు ధారగా వదిలి, అవసరమైనదానికంటే గట్టిగా తోమింది.