సబ్బుబిళ్ళ వెంట నడిచిన టిష్యూలు

పొద్దున్నే తలుపు తీసి గుమ్మంలో ఏముందో చూసుకోవడం ఆ పేటవాళ్ళకి పళ్ళు తోముకోవడం లాంటి పని. అక్కడ వీధిలో ఎవరు ఏది పారేసినా అది ఊరికే పడుండదు. పారేసిన మనిషి ఎక్కడుంటే అక్కడికి వెతుక్కుంటూ వస్తుంది. దగ్గర్లో వేసింది కాసేపట్లో, దూరంగా వేసింది మర్నాటికి. నల్లబడ్డ అరటి తొక్క మెట్లెక్కి వస్తుంది. నమిలి ఉమ్మిన చూయింగ్ గమ్ గోడ పట్టుకుని పాకుతుంది. వచ్చినదాన్ని ఎత్తి బుట్టలో వేసుకోవాలి, పక్కవాళ్ళ గుమ్మం చూడనట్టు నటించాలి, అంతే మర్యాద. ఇళ్ళ బ్రోకర్లు మాత్రం పార్కుంది, బడుంది, అడుగు తీసి వేస్తే సిటీ సెంటరు, పిల్లాపాపలతో ఉండటానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదని ఊదరగొడతారు. తొక్కలు నడుస్తాయన్నది వాళ్ళకి చెప్పేంత విషయంగా తోచదు.

ఆ పేటలో టైలరమ్మకి మాత్రం అన్నీ కంపరమే. తను చిన్న దారప్పోగు కూడా కింద వేయదు. కానీ బస్సు నడిపే అన్నయ్యతో, వదినతో, వాళ్ళ చంటిపిల్లతో ఒకే ఇంట్లో ఉంటోంది కదా, అన్నయ్య దారంతా కొరికి ఊసిన పుచ్చగింజల పొట్టు ఎర్రచీమల్లా బారులు తీరి ఆవిడ చెప్పుల మీదుగానే లోపలికొచ్చేది. బాత్‌రూమ్ తూములో జుట్టు ఉండ, చంటిదాని చీమిడి, తడి తువ్వాలు ముక్కవాసన, షాపులో పరాయివాళ్ళ కోట్లు విప్పితే కాలరు లోపల జిడ్డు చార. మాట మాటకీ "ఛీ" అనడం వల్ల వదిన ఆవిడకి ఛీరాణి అని పేరు పెట్టింది.

అలాంటి ఛీరాణికి ఒక మగాడు నచ్చాడు. సిటీ సెంటర్లో పెద్ద టవర్‌లో ఉద్యోగం, అదే టవర్‌లో ముప్ఫయ్యో అంతస్తులో ఫ్లాటు. కోటు బిగించమని ఇచ్చాడు. కాలరు లోపల చూస్తే మచ్చ లేదు! ఆ సంగతి ఇంటికొచ్చి చెప్తే వదిన పొట్ట పట్టుకుని నవ్వి, వెంటనే అతనికి సబ్బుబిళ్ళ అని పేరు పెట్టేసింది. పెళ్ళి చేసుకుందామని అతనే అడిగాడు. అతని ఫ్లాటులో గోడకి చెత్త వేసే కంత ఒకటి ఉంటుందట, అందులో ఏది పడేసినా మళ్ళీ జన్మలో కనబడదట. టైలరమ్మ సగం మనసు పారేసుకుంది ఆ కంత మీదే. మిగతా సగం మాట ఆదివారం సాయంత్రం, అతను అన్నయ్యతో మాట్లాడ్డానికి వచ్చినప్పుడు చెప్తానంది.

వచ్చాడు. సోఫా తుడుచుకుని అంచు మీద కూర్చున్నాడు. వదిన ఇచ్చిన టీ వైపు చూశాడు గానీ కప్పు ముట్టుకోలేదు. ఈ వీధిలో మీరెలా ఉంటున్నారండీ, ముక్కు మూసుకుని వచ్చానని అంటుండగానే తలుపు కింద నుంచి ఒక టిష్యూ దూరింది. తడిగా, మధ్యలో ఆకుపచ్చటి కళ్ళె. దాని వెనక ఇంకో మూడు. చివర పళ్ళు కుట్టుకునే పుల్ల, కొసకి మాంసం పీచు వేలాడుతూ. అన్నీ వచ్చి అతని బూట్ల దగ్గర బుద్ధిగా నిలబడ్డాయి.

అతిథికి మంచినీళ్ళిచ్చినట్టు వదిన ఒక బుట్ట తెచ్చి అతని పక్కన పెట్టింది. అన్నయ్య బస్సు బ్రేకుల గురించి ఎత్తుకున్నాడు. సబ్బుబిళ్ళ బూటు మొనతో వాటిని సోఫా కిందికి తోశాడు. అవి మళ్ళీ వచ్చాయి. కళ్ళె టిష్యూ పిల్లికూనలా అతని మోకాలెక్కి కూర్చుంది. చిటికెన వేలితో విదిలించి, వదిన ఒళ్ళో ఉన్న చంటిదాన్ని చూపించాడు.

"పాపని కాస్త కనిపెట్టుకుని ఉండండి. వీధిలోవన్నీ ఇంట్లోకి లాక్కొస్తున్నట్టుంది."

ఇంకా పాకడమే రాని పిల్ల అతని వంక చూసి బోసినోటితో నవ్వింది. అన్నయ్య బ్రేకుల మాట ఆపేసి ఇంటి కప్పు చూశాడు. టైలరమ్మకి కంపరం పుట్టింది. ఆశ్చర్యం, కళ్ళె వైపు చూస్తే కాదు. అతని తెల్లటి కాలరు వైపు చూస్తే.

"పిల్లలున్న ఇల్లు ఇంతేలెండి," అన్నాడతను చేతులు తుడుచుకుంటూ. "పైన మనకి ఈ గొడవుండదు. మరి మీ మాటేమిటి?"

"ముందు అవి తీసుకోండి."

"అవి నావి కావండీ."

"అవును కదా," అంది టైలరమ్మ. "అవి మీవి కావు. అయితే నేనూ మీదాన్ని కాను లెండి."

అతను వదినని చూశాడు, అన్నయ్యని చూశాడు, ఎవరైనా సర్దిచెప్తారేమోనని. వదిన బుట్ట ఇంకాస్త దగ్గరికి జరిపింది. అతను లేచాడు. గుమ్మం దాటాక టిష్యూలు ఒక్కొక్కటే అతని వెంట మెట్లు దిగాయి. పళ్ళపుల్ల కుంటుకుంటూ వెనకపడితే, టైలరమ్మ తలుపు మూయకుండా దానికోసం ఆగింది.

తర్వాత వచ్చి అతను ముట్టని టీ అందుకుంది. మీద మీగడ మడతలు పడి ఉంది. వేలితో తీసి పక్కన పెట్టి ఒక్క గుక్కలో తాగేసింది.

"ఛీ," అంది. "ఇంకో కప్పు పెట్టు వదినా, వేడిగా."