ముకుందం తలుపు నొప్పి

ముకుందానికి తలనొప్పి పాతదే. తలుపు నొప్పి మాత్రం ఈ ఎండాకాలమే మొదలైంది.

తిరుపతి నుంచి పుత్తూరు పోయే రోడ్డు మీద ఆయన పూల గోదాము. ఏసీ పెట్టినా, ఇనుప షట్టరు ఎండకు దోసె పెనమై లోపలి మల్లెమొగ్గల్ని మాడ్చేది. ఆదివారం పెళ్లికి పూలన్నీ ఆయనే ఇవ్వాలి. వాడినవి ఇస్తే కల్యాణమండపం వాళ్లు మళ్లీ పిలవరు.

తలుపులమ్మే జోయల్ వచ్చి, నడుమ ఫోము నింపిన మందపాటి షట్టరు బొమ్మ చూపించాడు.

"దీనికి ఆర్ పదహారు సామీ. ఆర్ ఎంత పెద్దదైతే అంత వేడి ఆపుతాది."

"తలుపులమ్మే ఇంకొకాయన, ఆ మద్రాసాయన, యూ అంటాడే? సున్నా పాయింటు నాలుగంట. నీ పదహారు ముందర అదేం లెక్క!"

"అట్ల పోల్చకూడదు సామీ. యూ తగ్గితేనే మంచిది."

"ఒకటి పెరగాల, ఇంకోటి తగ్గాల! నేను తలుపు కొంటా ఉండానా, షుగరు చూపించుకుంటా ఉండానా అబ్బా?"

ఆర్ తెలియకుండానే ఆర్డరిచ్చాడు.

షట్టరు బిగించిన రోజు పూజకొచ్చిన భార్య పెరుందేవి నిలబడిపోయింది. "గడప లేని వాకిలేందండీ! పసుపు యాడ పూసేది?"

సాయంత్రానికల్లా ఇంటి తలుపు కొలతకు చేసిన వేపచెక్క గడప షట్టరు కింద, సరిగ్గా నడుమ కూర్చుంది. తోపుడుబండ్లు దాని పక్కల నుంచి పోతాయి కదా అని ముకుందం సంతోషించాడు.

శనివారం మధ్యాహ్నం లోపల ఉక్కపోత. ముకుందం బయట కుర్చీ వేసుకుని జోయల్‌కు ఫోన్ చేశాడు.

"నీ పదహారులో ఎన్ని రాలిపోయినాయప్పా?"

అంటుండగానే చీలమండలకు చల్లగాలి తగిలింది. వంగి చూశాడు. షట్టరు గడప మీద ఆగింది; రెండు పక్కలా నేలకూ షట్టరు అడుగు రబ్బరుకూ మధ్య సందు. ఆ సందులకు పొట్టలానించి వీధికుక్కలు నిద్రపోతున్నాయి. ఊరంతా ఉడుకుతుంటే వాటికి మాత్రం ఊటీ.

"పెరుందేవీ! గడప తీసేయాల," అన్నాడు పక్కన మాలలు కడుతున్న భార్యతో.

"పెళ్లిపూలు ఉండే వాకిట్లో గడప తీస్తారా ఎవరన్నా?"

"పెళ్లికూతురు మెడలో వాడిన మాల వేస్తారా ఎవరన్నా?"

పెరుందేవి లోపలికెళ్లి మల్లెబుట్ట మీది తడిగుడ్డ ఎత్తి చూసింది. బయటికొచ్చి, గడపను కళ్లకద్దుకుని ఎత్తించింది. షట్టరు ధన్‌మని నేలనంటింది. రబ్బరు ఆనిన గీత వెంటే, బయట, నేలకే పసుపు పూసింది.

తెల్లవారి, కల్యాణమండపం చూసుకునే శేషసాయి బుట్టలో చేయి పెట్టాడు. మొగ్గలు బిగువుగా, చల్లగా ఉన్నాయి.

"కొత్త తలుపంట కదప్పా! మేమూ ఒకటి పెట్టించాల. ఆర్ ఎంత?"

ముకుందం గడ్డం గోక్కున్నాడు.

"పదహారో, సున్నా పాయింటు నాలుగో... యాది పెరగాలో యాది తగ్గాలో నాకు ఇప్పటికీ తెలీదు సామీ. పూర్తిగా మూసుకుంటే మటుకు సల్లగుంటాది."