ఐదో గడిలో టిక్కు

సోమవారం అంటే గ్లెనిస్ తరగతిలో రొట్టె కాల్చే రోజు. ఆరుగురు పిల్లలు, మూడు టోస్టర్లు, రొట్టె మీద రాసుకునే వెజిమైట్ సీసా ఒకటి. పిల్లలంటే మరీ పసివాళ్లు కారు, పదహారు పదిహేడేళ్లవాళ్లు. మిగతా హైస్కూలంతా లెక్కలూ రసాయనశాస్త్రమూ చదువుతుంటే, వీళ్లు రొట్టె కాల్చుకోవడం, గుండీలు పెట్టుకోవడం, పొయ్యి ఆర్పామో లేదో చూసుకోవడం, బస్సెక్కి దిగడం నేర్చుకునేవాళ్లు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. వాళ్లలో ఒకడికి సీసా మూత తిప్పడం రావడానికి పూర్తిగా ఒక టర్ము పట్టింది. వచ్చిన రోజున వాడు ఆ మూతని వాళ్లమ్మకి చూపించడానికి జేబులో వేసుకుని ఇంటికి పట్టుకుపోయాడు. సీసా మూడు రోజులు బోర్లించిన కప్పుతోనే గడిపింది.

గోడ మీద పెద్ద అట్ట ఒకటి ఉండేది. దాని మీద ఐదు గడులు: చెయ్యి, వేలు, మాట, చూపు, ఏమీ లేదు. చెయ్యి పట్టుకుని చేయిస్తే మొదటి గడిలో టిక్కు. వేలు చూపిస్తే చేసుకున్నవాళ్లకి రెండో గడి. చెబితే చేసేవాళ్లకి మూడోది, టీచరు అటువైపు చూస్తే చాలు, చేసేసేవాళ్లకి నాలుగోది. ఐదో గడిలో టిక్కు పడిందంటే ఇక ఆ పని ఆ పిల్లదే, ఎవరి దయా అక్కర్లేదు. ఇరవై ఆరేళ్లుగా గ్లెనిస్ ఆ ఐదో గడి కోసమే చేతులు వెనక్కి కట్టుకుని, పెదవి కొరుక్కుని, వెన్న నేల మీద పడుతున్నా సరే కదలకుండా నిలబడుతూ వచ్చింది.

ఆ సోమవారం మాత్రం టోస్టర్ల ముందు ఐదుగురే ఉన్నారు. ఆరో పిల్ల బ్రిడీ. ఆ సమయానికి బ్రిడీ జీవితంలో మొదటిసారి ఒంటరిగా బస్సులో కూర్చుని ఉంది. గ్లెనిస్ గడియారం వంక చూసింది. ఎనిమిదీ ఇరవై ఐదు.

"రొట్టె మాడుతోంది, మిస్," అన్నాడు మూత కుర్రాడు.

"మాడనీ," అంది గ్లెనిస్. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సహాయకురాలు డెస్లీ వచ్చి టోస్టరు కట్టేసింది. "ఏమైంది నీకు? పదకొండు వారాలు తిప్పావు ఆ పిల్లని. వచ్చేస్తుందిలే."

గ్లెనిస్ మళ్లీ గడియారం చూసింది.

జరిగింది ఇది. ఊరికి ఉత్తరాన లోర్నా అనే ఆవిడ మొక్కల నర్సరీ నడుపుతుంది. బ్రిడీకి మొక్కలంటే ప్రాణం. కుండీల్లో మట్టి నింపమంటే రోజంతా నింపుతుంది, ఒక్క వేరు తెగనివ్వదు. లోర్నా చూసి ముచ్చటపడి పని ఇస్తానంది, కానీ ఒక్క షరతు పెట్టింది: ఎవరూ దింపనక్కర్లేకుండా పిల్ల తనంతట తానే బస్సులో రావాలి. వేరే బడి నుంచి ఇంకొకరు కూడా ఆ పనికి ఎదురుచూస్తున్నారనీ, సోమవారం కల్లా తేల్చమనీ అంది.

అందుకని గ్లెనిస్ పదకొండు వారాలు బ్రిడీతో బస్సెక్కింది. మొదట పక్క సీట్లో కూర్చుంది, తర్వాత వెనక సీట్లో, ఆ తర్వాత నాలుగు సీట్లు వెనకాల. దారిగుర్తు సులువైనదే. నర్సరీ ముందు రౌండబౌట్లో, రోడ్లు కలిసే చోట దిమ్మె మీద, తెల్ల ఎద్దు ఉంటుంది, ఒంగోలు గిత్తలాంటి మూపురంతో. ఎద్దు కనబడగానే గంట మీట నొక్కాలి, అంతే. మా రాక్‌హాంప్టన్‌లో ఇలాంటి సిమెంటు ఎద్దులు చాలా ఉన్నాయి గానీ, ఎండ ముదిరితే దిమ్మె దిగి ఎదురుగా పెట్రోలు బంకు నీడకి పోయేది అదొక్కటే. సాయంత్రానికి మళ్లీ ఎక్కుతుంది. మోకాళ్లు పట్టేస్తున్నాయేమోనని కౌన్సిల్ వాళ్లు దిమ్మెకి ఒక పక్కన వాలు కట్టించారు. ఆకతాయి కుర్రాళ్లు రాత్రిళ్లు దాని వృషణాలు ఊడబెరుక్కుని పోతుంటారు కనక ఒక జత ఎప్పుడూ అదనంగా చేయించి పెట్టుకుంటారు. పొద్దున పూట మాత్రం అది దిమ్మె మీదే ఉంటుంది.

ఆరో వారం నుంచి బ్రిడీ ఒక్కసారి కూడా తప్పలేదు. ఎద్దు వస్తుంది, గంట మోగుతుంది. గ్లెనిస్ పొంగిపోయింది. దారిలో ఆవిడ పత్రికలో గళ్లనుడి నింపుకునేది, స్టాపు దగ్గర పడుతుండగా కళ్లజోడు తీసి డబ్బాలో పెట్టుకునేది. ఆ డబ్బా గట్టి రకం, మూస్తే టక్కుమంటుంది.

పోయిన గురువారం ఆవిడ ఆ డబ్బా ఇంట్లో మర్చిపోయింది. బస్సు రౌండబౌట్ దగ్గరికొచ్చింది. తెల్లగా, ఇంతెత్తున, కిటికీ నిండా ఎద్దు. బ్రిడీ చెయ్యి మీట దాకా లేచి అక్కడే ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తిరిగి గ్లెనిస్ వంక చూసింది. ఏదో రావలసింది రాలేదన్నట్టు చూసింది.

గ్లెనిస్‌కి అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఆ పిల్ల ఎద్దుని చూడనే లేదు. డబ్బా చప్పుడు వింటోంది. అట్ట మీద ఉన్న ఐదు గడుల్లో దేనికీ చెందని సాయం అది, చేస్తున్నట్టు చేసేవాళ్లకే తెలియని సాయం. అప్పటికి మీట తనే నొక్కి దించింది.

తెలియక చేసింది తప్పనిపించుకోదు. శుక్రవారం చేసింది మాత్రం తెలిసే చేసింది. ఆఖరి రోజు, మళ్లీ మొదటి నుంచి నేర్పడానికి వారం కూడా లేదు, అవతల ఇంకొకరు పనికి కాచుకుని ఉన్నారు. గ్లెనిస్ డబ్బా పట్టుకెళ్లింది. ఎద్దు కనబడగానే మూసింది. టక్. బ్రిడీ మీట నొక్కింది. బడికొచ్చి గ్లెనిస్ అవే గడులున్న బ్రిడీ కాగితం మీద ఐదో గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేసి, నకలొకటి లోర్నాకి పంపింది.

ఆ సాయంత్రం బ్రిడీ నాన్న కాల్ కొబ్బరి కోరు అద్దిన కేకు ముక్కలు, లామింగ్టన్లు, పట్టుకొచ్చాడు. కాల్‌, గ్లెనిస్ చిన్నప్పుడు ఒకే వీధిలో ఉండేవాళ్లు. కాల్ మాంసం కర్మాగారంలో చేస్తాడు, తెల్లవారుజామున ఐదింటికల్లా పనిలో ఉండాలి. భార్య పోయి పదేళ్లయింది. "నేను పోయాక ఈ పిల్ల ఏమైపోతుందోనని పదేళ్లుగా కంటిమీద సరిగ్గా కునుకు లేదు గ్లెన్," అన్నాడు. "ఇవాళ పడుకుంటాను."

గ్లెనిస్ అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. లామింగ్టన్లు చాలా బాగున్నాయంది.

ఇక ఈ సోమవారం, తొమ్మిదీ పదికి తరగతిలో ఫోను మోగింది. లోర్నా. "ఇంకా రాలేదమ్మా మీ పిల్ల. బస్సు పోయి చాలాసేపయింది."

బస్సు వాళ్లకి ఫోను చేస్తే, ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న అమ్మాయి చివరి స్టాపులో దిగిందనీ, ఇదే ఆఖరని డ్రైవరు చెబితే థాంక్యూ చెప్పి మరీ దిగిందనీ అన్నారు. చివరి స్టాపంటే ఊరి పొలిమేర. అక్కడ గడ్డి మైదానాలూ, లారీలు పోయే పెద్ద రోడ్డూ తప్ప ఏమీ లేవు.

తరగతి డెస్లీకి అప్పజెప్పి గ్లెనిస్ కారు తీసింది. కర్మాగారం గేటు దగ్గర కాల్ తెల్ల రబ్బరు బూట్లతోనే ఎక్కాడు. మొహం పాలిపోయి ఉంది.

"అది దారి తప్పదు. నువ్వే అన్నావుగా తప్పదని," అన్నాడు కూర్చుంటూనే. "ఎవరైనా ఏమైనా చేశారేమో."

"ఎవరూ ఏమీ చెయ్యలేదు కాల్. నేను చేశాను."

రెండు సిగ్నల్ దీపాల మధ్యలో మొత్తం చెప్పేసింది. డబ్బా గురించి, గురువారం గురించి, శుక్రవారం గురించి. చెబుతున్నంతసేపూ రోడ్డు వంకే చూసింది. కాల్ బూట్ల మీది తడి కారు పట్టా మీద మడుగు కట్టింది.

"గురువారమే తెలుసా నీకు?" అన్నాడు చివరికి.

"తెలుసు."

"మరి శుక్రవారం నేను లామింగ్టన్లు తెస్తే రెండు తిన్నావు."

"తిన్నాను."

అతను తిట్టినా బాగుండేది. కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆవిడకి ఆ రెండు లామింగ్టన్లూ ఇంకా కడుపులోనే ఉన్నట్టు, ఇక ఎప్పటికీ అరగవన్నట్టు ఉంది.

రేడియోలో పాట ఆపి ఎవరో చెబుతున్నారు: "నర్సరీ రౌండబౌట్లో తెల్ల ఎద్దు దిమ్మె మీద లేదు, ఉత్తరం రోడ్డు మీద ఉంది. బళ్లు నెమ్మదిగా కదులుతున్నాయి. అటు వెళ్లేవాళ్లు పది నిమిషాలు ముందు బయల్దేరండి." ఆ వెంటనే వాతావరణం, ఆ తర్వాత మళ్లీ పాట.

రౌండబౌట్ దగ్గరికొచ్చేసరికి దిమ్మె బోసిగా ఉంది. ఎండ ఇంకా ముదరలేదు, బంకు నీడలో కూడా ఎద్దు లేదు. గ్లెనిస్ ఉత్తరం వైపు తిప్పింది. అర కిలోమీటరు పోయాక ఎదురుగా బళ్ల బారు కనబడింది, లారీలూ కార్లూ ఒక పాల బండీ, నడకంత నెమ్మదిగా వస్తున్నాయి. బారుకి ముందు ఎద్దు. ఎద్దుకి ఇరవై అడుగుల ముందు, రోడ్డు వారగా, టోపీ పెట్టుకుని వీపున సంచీతో బ్రిడీ.

కాల్ తలుపు తీయబోయాడు. గ్లెనిస్ అతని చొక్కా పట్టుకుంది.

"ఒక్క నిమిషం ఆగు. అది నడిచి వస్తోంది."

"ఇంకా నీ మాట వినమంటావా నన్ను?"

"వద్దు. దాన్ని చూడు."

కాల్ చూశాడు. తలుపు మీద చెయ్యి తీయలేదు గానీ దిగలేదు. గ్లెనిస్ కారు పక్కకి ఆపింది.

బ్రిడీ వాళ్లకి కాస్త అవతల, రోడ్డు రెండుగా చీలే చోటికి వచ్చి ఆగింది. ఎద్దూ ఆగింది. వెనక బళ్లన్నీ ఆగాయి. ఎవరూ హారను కొట్టలేదు. ఒక లారీ డ్రైవరు ఇంజను ఆపి ఫ్లాస్కు తీశాడు. బ్రిడీ కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. తర్వాత గురువారం చూసినట్టే, వెనక్కి తిరిగి ఎద్దుని చూసింది.

గ్లెనిస్ చెయ్యి తనకి తెలియకుండానే సంచీలోకి పోయి డబ్బా పట్టుకుంది. అంత దూరానికి వినబడదని తెలుసు. అయినా వేళ్లు మూత మీదే ఉన్నాయి. అది చూసుకుని ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది. చెయ్యి బయటికి లాగి తొడ కింద పెట్టుకుని కూర్చుంది.

ఎద్దు కదలలేదు. కొమ్ము విసరలేదు, కాలు దువ్వలేదు. మెల్లగా తల పక్కకి తిప్పుకుని పొలాల వంక చూస్తూ నిలబడింది. ఇరవై ఆరేళ్లు ఈ పని చేసిన గ్లెనిస్‌కి అది ఎందుకు తల తిప్పుకుందో తెలిసింది. చూపు కూడా సాయమే. నాలుగో గడి.

ఎంతసేపయిందో. కాల్ పళ్లు కొరుకుతున్న చప్పుడు ఆవిడకి వినబడుతోంది. బ్రిడీ టోపీ తీసి, మొహం తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. మునివేళ్ల మీద లేచి లేచి దూరంగా చూసింది. ఉన్నట్టుండి వేలు చాచి, తనకి తనే చెప్పుకున్నట్టు గట్టిగా అంది:

"అదిగో. ఎద్దు లేని దిమ్మె."

ఎడమ దారి పట్టి నడిచింది. ఎద్దు కాసేపాగి వెనకే కదిలింది. ఇద్దరూ వాళ్ల కారు పక్కనుంచే పోయారు. బ్రిడీ దిమ్మె మీది చూపు తిప్పలేదు. కాల్ చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

నర్సరీ గేటు దగ్గర లోర్నా నడుం మీద చెయ్యి పెట్టుకుని ఉంది. బ్రిడీ ఆవిడ ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకుంది. "ఆలస్యమైంది. బస్సులో ఎవరూ చప్పుడు చెయ్యలేదు. అందుకని నొక్కలేదు. ఎద్దు కూడా చప్పుడు చెయ్యలేదు. కానీ వచ్చాను."

కారు దిగి వెనకే వచ్చిన గ్లెనిస్, లోర్నా నోరు తెరవకముందే చెప్పేసింది. "ఆ కాగితం మీద టిక్కు అబద్ధం, లోర్నా. నేను పెట్టాను. తప్పు పిల్లది కాదు. పని వేరేవాళ్లకి ఇవ్వాలనుకుంటే నేను కాదనలేను."

లోర్నా ఆవిడని పైనుంచి కింది దాకా చూసింది. "నీ కాగితం నేను చదవనే లేదు. చివరి స్టాపు నుంచి నడిచొచ్చిందా?" అని బ్రిడీ వైపు తిరిగింది. "శుక్రవారం దాకా చూస్తాను. బస్సులో సమయానికి రావాలి. ఇప్పుడు నీళ్లు తాగి, ఆ కుండీల దగ్గరికి పద."

బయట ఎద్దు వాలు మీదుగా దిమ్మె ఎక్కి సర్దుకుంటోంది. బళ్లు కదిలాయి.

ఆ మధ్యాహ్నం గ్లెనిస్ బ్రిడీ కాగితం తీసి టిక్కు చెరిపింది. సిరా పూర్తిగా పోలేదు, కాగితం పల్చబడింది. ఎందుకు చెరిపిందో పక్కన రాసి, ప్రిన్సిపాల్‌కి తనే పట్టుకెళ్లి ఇచ్చింది.

మంగళవారం పొద్దున ఆవిడ మళ్లీ బస్సులో నాలుగు సీట్లు వెనక కూర్చుంది. పత్రిక లేదు, సంచీ లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుంది. బ్రిడీ వెనక్కి తిరిగింది.

"డబ్బా ఏదీ, మిస్?"

"ఇంట్లో పెట్టేశాను."

"ఎప్పుడు నొక్కాలో అది నాకు చెప్పేది."

"అవును. నేను అలా చెయ్యకుండా ఉండాల్సింది బ్రిడీ. క్షమించు."

బ్రిడీ ముందుకి తిరిగి కూర్చుంది. బస్సు మలుపు తిరిగింది. దూరంగా దిమ్మె మీద ఎద్దు తల అటు తిప్పుకుని, బస్సుకి మూపురం చూపిస్తూ నిలబడి ఉంది. గ్లెనిస్ కూడా కళ్లు మూసుకుంది. ఊపిరి చప్పుడైనా వినబడుతుందేమోనని ఊపిరి బిగబట్టింది.

గంట మోగింది.

కళ్లు తెరిచేసరికి బ్రిడీ తలుపు దగ్గర నిలబడి ఉంది, మీట మీద వేలు ఇంకా తీయకుండా. గ్లెనిస్ లేవబోయింది.

"నువ్వు దిగకు మిస్. రేపు కూడా రావద్దు."

తలుపు మూసుకుంది. గ్లెనిస్ చివరి స్టాపు దాకా వెళ్లి దిగింది. అక్కణ్నుంచి, పక్కన లారీలు దూసుకుపోతుంటే, ముందురోజు ఆ పిల్ల నడిచిన దారినే నడుచుకుంటూ వచ్చింది. మధ్యమధ్య వెనక్కి తిరిగి చూసుకుంది. ఆవిడ వెనక ఎవరూ రావడం లేదు.