మిషను మీది బొట్టు

అసలు కోపం ఎవరి మీదో తేల్చుకోకుండా అరవకూడదు అనుకుంటూనే ఉంది రాజ్యం. ఎదురుగా ఉన్నవాళ్ళను చూస్తుంటే మాత్రం ఎవరితో మొదలుపెట్టాలో తెలియడం లేదు. మిషను నడిపే పేరయ్యతోనా? ఈ పాత మిషనును ఇవాళ కోసేస్తారని అందరికంటే ముందు తెలిసినవాడు ఆయనే. పాత ఇనుము కొనే ఖలీల్‌కి ఫోన్ చేసి రమ్మన్నదీ ఆయనే. అలాంటి మనిషి పొద్దున్నే వచ్చి, శుక్రవారం కదా అని దాన్ని శుభ్రంగా తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కర్పూరం కూడా వెలిగించాడు.

"చేతికి అలవాటమ్మా," అన్నాడు.

కారం మిల్లు మధ్యలో ఆ ఇనప రోకళ్ళ మిషను పేరంటానికి వెళ్తున్నట్టు నిలబడి ఉంది. కొత్త మిషను బయట పట్టా కింద ఉంది. పాతది లేస్తేగాని దానికి చోటు లేదు. క్రేను డ్రైవరు గేటు దగ్గర హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. షెడ్డు నిండా మిరపకాయల బస్తాలు. పైన మబ్బు పట్టింది. కాయకి చెమ్మ తగిలిందంటే ఈ సీజను అయిపోయినట్టే.

ఖలీల్ గ్యాస్ కట్టరు కింద పెట్టేశాడు.

"పూజ చేసిన దానిమీద మంట పెట్టలేను మేడం."

"మా పూజతో నీకేం పనయ్యా?"

"పూజ మీదే. చేతులు నావి కదండీ. పొదిలిలో మావాడొకడు ఇట్లాగే కోశాడు, గొట్టం పేలింది."

"పాత గొట్టమై ఉంటుంది."

"కొత్తదేనండి. బిల్లు కూడా ఉంది. ఆ బొట్టు తుడిచేయండి, భోజనాల వేళకి ముక్కలు చేసేస్తా."

"తుడువు బాబాయ్," అంది రాజ్యం.

"పెట్టిన చేత్తోనే తుడవమంటావేంటమ్మా!" పేరయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"కోటేశ్వరీ, నువ్వు రా."

తొడిమలు తీస్తున్న కోటేశ్వరి ఉలిక్కిపడి చేతులు వెనక్కి పెట్టుకుంది. "అమ్మో, నేనా? మా ఆయన అసలే చీమకుర్తిలో గ్రానైట్ లారీ తోలుతున్నాడక్కా!"

"ఇంట్లో ఉంటే మాత్రం ఆయన్ని ప్రశాంతంగా బతకనిస్తున్నావా?" అన్నాడు పేరయ్య.

అందరూ నవ్వారు. నవ్వు ఆగింది. ముగ్గురూ మూడు వైపులకు చూస్తున్నారు. తన వైపు తప్ప. అలా చూడకపోవడంలోనే రాజ్యానికి అంతా అర్థమైంది.

భర్త పోయిన ఆడమనిషికి బొట్టు తుడిచినందువల్ల కొత్తగా పోయేదేముంది? ఆ మాట ఎవరూ అనరు, మంచివాళ్ళు. ఆ మంచితనానికే ఒళ్ళు మండింది. తన నుదుటి మీది స్టిక్కరును ఏనాడూ ఎవరూ తప్పుపట్టలేదు. ఈ రోజుల్లో అవన్నీ ఎవరు చూస్తున్నారక్కా, అని ఆ ప్యాకెట్టు కొనిచ్చింది కూడా ఈ కోటేశ్వరే. మిషను దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క మారిపోతుంది. కరెంటు బిల్లు తన పేరున వస్తుంది, లైసెన్సు తన పేరున ఉంది, కాయ ధర తనే మాట్లాడుతుంది. శుక్రవారం పూజవేళ మాత్రం తను గుమ్మం దగ్గర నిలబడుతుంది. అక్కడ నిలబడమని ఎవరైనా అన్నారా? గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. లేదు, ఎవరూ అనలేదు. మొదటి శుక్రవారం తనే పక్కకు జరిగింది. వాళ్ళు చూసి ఊరుకున్నారు. అనకపోయినా జరిగే మనిషితో ఎవరు మాత్రం పోట్లాడగలరు?

గేటు దగ్గర మళ్ళీ హారన్.

"వస్తున్నామయ్యా, చచ్చిపోతున్నామా ఏంటి!" అని అరిచి, విసురుగా మిషను దగ్గరికి వెళ్ళి అరచేత్తో ఒక్కో బొట్టూ తుడిచేసింది. కుంకుమ సరిగ్గా పోలేదు, పసుపులో కలిసి ఎర్రగా సాగింది. చీర చెంగుతో రుద్దింది. ఆ పని అవగానే అందరి ముఖాల్లో కనిపించిన తేలిక చూసి ఆమెకు అసహ్యం వేసింది. అది తనలోనూ కాస్త ఉందని తెలిసి ఇంకా చిరాకు వేసింది. ఈ మిల్లులో తనకి మాత్రమే వీలైన పని ఒకటి దొరికిందని ఆ తేలిక!

"అయిందిగా. ఇక కొయ్యి."

ఖలీల్ మాట తప్పలేదు. రోకళ్ళు, ఇరుసు, చక్రం ముక్కలై లారీలోకి వెళ్ళాయి. నేల మీద నూనె మరక, నాలుగు బోల్టుల గుంటలు మిగిలాయి. అక్కడే కొత్త మిషను దించారు. చినుకులు మొదలవకముందే కరెంటు కూడా ఇచ్చారు. పేరయ్య ముఖం కడుక్కుని కొబ్బరికాయ, కుంకుమ భరిణె పట్టుకొచ్చాడు.

"రామ్మా కోటేశ్వరీ, ముత్తయిదువవి, మొదటి బొట్టు నువ్వు పెట్టు. స్విచ్చి అమ్మగారు వేస్తారు."

కోటేశ్వరి చేతులు తుడుచుకుని భరిణె అందుకుంది. రాజ్యం కాళ్ళు వాటంతటవే గుమ్మం వైపు కదిలాయి. సగం దూరం వెళ్ళాక అది ఆమెకు తెలిసింది. ఆగింది. ఇప్పుడు ఏదైనా అంటే అరుపే అవుతుంది. అరిస్తే వాళ్ళు సర్దిచెబుతారు. సర్దిచెప్పడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు.

వెనక్కి వచ్చి కోటేశ్వరి చేతిలోని భరిణె తీసుకుంది. ఉంగరపు వేలు కుంకుమలో అద్ది, కొత్త మిషను మోటారు మీద నొక్కి పెట్టింది.