సాముయేలు సారు హీలియం లెక్క

మొయినాబాదు నుంచి చేవెళ్ల బడికి రోజూ సైకిలు మీద పోయే సాముయేలు సారు 1937లో ఒక నిశ్చయానికి వచ్చాడు. హీలియం పరమాణువు శక్తిని చేత్తో లెక్కగట్టాలి. అందులో ఉన్నవి రెండే ఎలక్ట్రాన్లు. కానీ ఒకటి దగ్గరికొస్తే రెండోది తప్పుకుంటుంది. కాబట్టి అవి కేంద్రకానికి ఎంతెంత దూరమో రాసుకుంటే చాలదు, వాటి మధ్య దూరాన్ని కూడా మూడో కొలతగా తీసుకోవాలి. యూరపులో ఎవరో ఈ దారి కనిపెట్టారు. సమీకరణానికి ఇంకొన్ని పదాలు చేర్చి వాళ్లను మించాలని సాముయేలు ఆశ.

పదాలు పెరిగేకొద్దీ గుణకారాలు వందలయ్యాయి. భార్య విమలమ్మ ఏడో తరగతి చదివింది. ఆమెకు లాగరిథమ్ పట్టికలు చూడడం నేర్పాడు. రెండేళ్లు ఆమె గుణించింది. ఆయన పర్యవేక్షించాడు.

జవాబు చూసి సాముయేలు ఎగిరి గంతేశాడు. ఈ లెక్కలో జవాబు ఎంత తగ్గితే అంత మేలు. ఇది ప్రయోగంలో కొలిచిన విలువకంటే కూడా కిందికి దిగింది!

"ఈ పద్ధతిల ఎంత జేసినా అసలు విలువకు పైననే ఉంటదని మీరే జెప్పిన్రు గద," అంది విమలమ్మ. "కిందికెట్ల పోయింది? ఆరో పదంల గుర్తు తప్పినట్టున్నది. జర చూడుండ్రి."

"కొలిచినోళ్లే తప్పు కొలిచిన్రేమో! నీకెందుకే ఆ ఫికర్?"

వ్యాసం కలకత్తా పత్రికకు పోయి నాలుగు నెలలకు తిరిగొచ్చింది. ఆరో పదంలో గుర్తు సరిచూసుకోమని ఎవరో మర్యాదగా రాశారు.

ఆ ఉత్తరం మూడు రోజులు ఆయన జేబులోనే ఉంది. నాలుగో రోజు, "చిన్న సవరణ అడిగిన్రు," అన్నాడు. విమలమ్మ పెట్టెలోంచి కాగితాలు తెచ్చి ముందు పెట్టింది. లెక్కంతా ఎప్పుడో సరిచేసి ఉంచింది.

వ్యాసం అచ్చయింది. చివర, సెలవులిచ్చి ప్రోత్సహించినందుకు హెడ్మాస్టరు అనంతయ్యకు కృతజ్ఞతలు. ఆయన ఒక్క సెలవూ ఇచ్చింది లేదు.

"మరి నా పేరేది?"

"ఆయన పేరు లేకుంటే నొచ్చుకుంటడే. నువ్వు మనదానివి గద."

ఎండాకాలం సెలవుల చివర సాముయేలు లిథియం ఎత్తుకున్నాడు. ఒక ఎలక్ట్రాన్ ఊడితే దానిలోనూ రెండే మిగులుతాయి. పట్టికల పుస్తకం తెచ్చి విమలమ్మ ముందు పెట్టాడు.

"సోమవారం నుంచి ఆడపిల్లల బడిల లెక్కలు చెప్పబోతున్న," అందామె. "అనంతయ్య సారు సిఫారసు చేసిండు. వ్యాసంల తన పేరు చూసుకొని మస్తు ఖుషీ అయిండంట."

సోమవారం సాముయేలు మొదటి గుణకారాన్ని రెండుసార్లు చేశాడు. రెండు జవాబులు వచ్చాయి. సాయంత్రం ఆమె ఇల్లు చేరేదాకా ఆగి, "ఈసారి ఇద్దరి పేర్లేద్దాం," అన్నాడు.

"ముందు ఎవరిదేద్దాం?" అని అడిగింది విమలమ్మ.