పైపు కింద ర్యాంపు

కళ్ళు పచ్చబడ్డ మూడో రోజున కోల్బీ చచ్చిపోయాడు. అతను కొండల్లోని ఆ నది మీద జనాన్ని గాలి పడవల్లో తిప్పే గైడు.

అంతకు రెండు వారాల ముందు, సుడిలో పడవ తిరగబడి నీళ్ళలో పడ్డాడు. గైడ్లలో ఒక ఆచారం ఉంది. పడవలోంచి పడ్డవాడు గట్టెక్కగానే తన తడి బూటులో బీరు పోయించుకొని, అందరి ముందూ తాగాలి. కోల్బీ బూటులో బీరు పోసింది తోటి గైడు డార్లా. "తాగరా మొనగాడా" అంది. అందరూ నవ్వారు, కోల్బీ కూడా.

డాక్టరు ఎలుక జ్వరమన్నాడు. ఎలుకల మూత్రం కలిసిన మురుగు నోట్లోకో పుండులోకో పోతే చాలునట. ఆ మురుగు ఎక్కడిదో గైడ్లకు తెలుసు. పడవలు దింపే ర్యాంపుకు ఎగువన, కొండ మీది హోటలు మురుగు పైపు నదిలోకి తెరుచుకొని ఉంది. హోటలూ పడవలూ స్ట్రౌడ్‌వే.

"తాగి తాగి లివరు చెడగొట్టుకున్నాడు" అన్నాడు స్ట్రౌడ్, సమాధి పక్కనే నిలబడి.

ఆ సాయంత్రం గైడ్లు ముప్పై మంది తమ గుడారాల మధ్య కూడారు. వేసవిలో ఈ పని పోతే తిండెలాగని కొందరన్నారు. ఆ బూటు తంతు మానేస్తే సరిపోతుందని ఒకడన్నాడు. డార్లా లేచి నిలబడింది.

"నేను పోసిన బీరే వాణ్ణి చంపిందేమో, ఒప్పుకుంటా. కానీ శనివారం రెండు బస్సుల బడిపిల్లలొస్తున్నారు. వాళ్ళకు బూటు అక్కర్లేదు, ఒక్క అల చాలు."

"పైపు మూసేదాకా ఒక్క పడవా దిగదు" అన్నాడు ముసలి గైడు వర్జిల్. ఒక్కో చెయ్యీ లేచింది.

శనివారం పొద్దున్నే చేతులు పెనవేసుకుని ర్యాంపుకు అడ్డంగా నిలబడ్డారు. సంగతి విని టీచర్లు పిల్లల్ని బస్సు దిగనివ్వలేదు. స్ట్రౌడ్ షెరీఫు పోలీసుల్ని దింపాడు. దిగువనున్న వేరే కంపెనీ గైడ్లను వాళ్ళ పడవలతో సహా వ్యానులో తెప్పించాడు.

లాఠీలు పడ్డాయి. వర్జిల్ మోచెయ్యి ఎండుకట్టెలా విరిగింది. పడ్డవాళ్ళ మీదుగానే స్ట్రౌడ్ మనుషులు పడవల్ని ఈడ్చారు. అప్పుడు డార్లా లైఫ్ జాకెట్‌కున్న కత్తి తీసింది. మునిగేవాడికి చుట్టుకున్న తాడు కోయడానికి ప్రతి గైడూ పెట్టుకునే కత్తి అది. దాన్ని మొదటి పడవలో దించింది. పడవ బుస్సుమంది. వెంటనే తక్కిన కత్తులూ బయటికొచ్చాయి. అరగంటలో పడవలన్నీ చచ్చిన చేపల్లా నేలకంటుకుపోయాయి.

ఒక పోలీసు డార్లా మెడ మీద మోకాలుంచి బేడీలు వేశాడు. మొహం నేలకు కొట్టుకుని ఆమె రెండు పళ్ళు ఊడాయి. కారు దగ్గరికి లాక్కుపోతుంటే వ్యానులో వచ్చినవాళ్ళ పెద్ద, బారెట్ ఎదురొచ్చాడు.

"నిజం చెప్పు తల్లీ. కోల్బీ ఈ నీళ్ళ వల్లే పోయాడా?"

"మాటలు చాలించి వ్యానులోని పడవలు దింపండి" అన్నాడు స్ట్రౌడ్.

డార్లా నెత్తురు ఉమ్మింది. "ఇక్కడ కలిసింది మీ దగ్గరికే కదన్నా వచ్చేది."

బారెట్ తన మనుషుల వైపు చూశాడు. తెడ్డు కింద పెట్టి, నెత్తురు తడి ఆరని ర్యాంపు మీద వర్జిల్ పక్కన కూర్చున్నాడు. వెనకే అతనివాళ్ళంతా కూర్చున్నారు.

కారు కదిలింది. వెనక అద్దంలోంచి డార్లా చూసింది. లాఠీలు లేచి పడుతున్నాయి. కూర్చున్నవాళ్ళు ఒక్కరూ లేవలేదు.